ట్రాముకి తిన్నగా దారి, కారుకి మలుపు: టొరంటో కింగ్ వీధి కథ, మన ఊళ్ల సంగతి

నగరం నడిబొడ్డున ఉన్న రద్దీ వీధిలో బస్సుకో ట్రాముకో ముందు దారి ఇచ్చి, కార్లను పూర్తిగా వెళ్లగొట్టకుండా కాస్త వెనక్కి జరిపే ఏర్పాటును ట్రాన్సిట్ ప్రయారిటీ స్ట్రీట్ అంటున్నారు. తెలుగులో దీనికి ఇంకా స్థిరపడిన మాట లేదు. ఈ వ్యాసంలో 'రవాణా ప్రాధాన్య వీధి' అని రాస్తున్నాం. ఇది కేవలం నడిచేవాళ్ల వీధి కాదు. రోడ్డు మధ్యలో కంచె కట్టి బస్సులకు విడిగా దారి తీసే బీఆర్‌టీఎస్ కూడా కాదు. కారు లోపలికి రావచ్చు, మనిషిని దింపవచ్చు, సరుకు దించవచ్చు. ఆ వీధిని అడ్డదారిగా వాడుకుని ఈ కొస నుంచి ఆ కొసకు దూసుకుపోవడం మాత్రం కుదరదు.

మన పాఠకుల కుటుంబాల్లో చాలామందికి చెన్నై, బెంగళూరు, బళ్లారి, బరంపురం, షోలాపూర్ లాంటి ఊళ్ల బజారు వీధుల్లో ఇళ్లో దుకాణాలో ఉన్నాయి. 'మన వీధిలోకి బండ్లు రానివ్వరట' అన్న మాట ఎప్పుడో ఒకప్పుడు వాళ్ల చెవిన పడే ఉంటుంది. ఆ మాట వినగానే వ్యాపారులకు గుండె గుభేలుమంటుంది, పెద్దవాళ్లకు హమ్మయ్య అనిపిస్తుంది. ఇలాంటి మార్పు వచ్చినప్పుడు బండి నడిపేవాళ్లు, కాలినడకన వెళ్లేవాళ్లు నిజంగా ఏం చేస్తారో ఊహించుకోవడం కంటే, జరిగిన చోట చూడటం మేలు. అందుకే లెక్కలు బాగా దొరికే కెనడా దేశపు టొరంటో నగరాన్ని ఎంచుకున్నాం.

కింగ్ వీధిలో ఏం చేశారు

కింగ్ స్ట్రీట్ టొరంటో నడిబొడ్డున తూర్పు పడమరలుగా సాగే పాత వీధి. బ్యాంకుల ఎత్తైన భవనాలు, నాటకశాలలు, హోటళ్లు అన్నీ దాని మీదే ఉన్నాయి. రోడ్డుకు నాలుగు వరసలు. మధ్య రెండు వరసల్లో ట్రాము పట్టాలు ఉంటాయి. అక్కడివాళ్లు ట్రామును స్ట్రీట్‌కార్ అంటారు. పట్టాలున్నా ఆ వరసలు ట్రాముకే సొంతం కావు, కార్లు కూడా వాటి మీదే నడిచేవి. 504 నంబరు ట్రాము నగరంలో నేల మీద నడిచే రూట్లన్నిటిలో ఎక్కువ మంది ఎక్కేది. 2017కు ముందు ఈ వీధిలో పనిదినాన ట్రాముల్లో సుమారు 72,000 మంది ప్రయాణించేవారు, కార్లు 20,000 దాకా నడిచేవి. కారుకు ఒకరో ఇద్దరో అనుకున్నా, వీధిలో కదిలే మనుషుల్లో ఎక్కువమంది ట్రాములోనే ఉన్నారు. రోడ్డు మీద ఎక్కువ జాగా తీసుకున్నవి మాత్రం కార్లు.

చిక్కు ఎక్కడ వచ్చేదంటే, ఎడమ మలుపు దగ్గర. కెనడాలో బండ్లు రోడ్డుకు కుడి పక్కన నడుస్తాయి కాబట్టి ఎడమకు తిరగాలంటే ఎదురుగా వచ్చే వరసను దాటాలి. మనకు కుడికి తిరగడం ఎంత కష్టమో వాళ్లకు ఎడమకు తిరగడం అంత కష్టం. అలా సందు కోసం కాచుకునే కారు సరిగ్గా ట్రాము పట్టాల మీద నిలబడేది. ఆ ఒక్క కారు వెనక వంద మందికి పైగా ఉన్న ట్రాము ఆగిపోయేది. ట్రాము పక్కకు తప్పుకుని పోలేదు కదా. ఒక ట్రాము ఆగితే దాని వెనక మరొకటి వచ్చి చేరేది. స్టాపులో ఇరవై నిమిషాలు ఒక్కటీ రాక, తర్వాత మూడు వరసగా వచ్చే తంతు మన సిటీ బస్సులు ఎక్కేవాళ్లకు చెప్పనక్కర్లేదు.

2017 జులైలో నగర కౌన్సిల్ ఒప్పుకుంది. నవంబరు 12న బాథర్స్ట్ వీధి నుంచి జార్విస్ వీధి వరకు 2.6 కిలోమీటర్ల మేర ప్రయోగం మొదలైంది. నియమం ఒక్క మాటలో చెప్పవచ్చు: చాలా కూడళ్లలో కారు కుడికి తిరిగి తీరాలి. తిన్నగా పోకూడదు, ఎడమకు తిరగకూడదు. ట్రాములు, సైకిళ్లు, అత్యవసర వాహనాలు తిన్నగా పోవచ్చు. టాక్సీలకు రాత్రి 10 నుంచి తెల్లవారుజాము 5 వరకు మినహాయింపు ఇచ్చారు. రోడ్డు పక్కన పార్కింగు తీసేశారు. ట్రాము స్టాపులను కూడలికి ఇవతలి నుంచి అవతలి పక్కకు మార్చారు. దాంతో కుడికి తిరిగే కార్లకు, ట్రాము ఎక్కడానికి నిలబడ్డ జనానికి ఒకరితో ఒకరికి అడ్డం తప్పింది. ఖాళీ అయిన పక్క వరసలో కొన్నిచోట్ల స్టాపులు, కొన్నిచోట్ల పూలకుండీలు, కుర్చీలు పెట్టారు.

ఈ పద్ధతిలో తెలివి ఏమిటంటే, ఏ ఇంటి గుమ్మానికీ ఏ దుకాణానికీ కారు రాకుండా పోలేదు. పక్క వీధి నుంచి వచ్చి, ఒక్క బ్లాకు నడిపి, పని చూసుకుని, కుడికి తిరిగి వెళ్లిపోవచ్చు. ఖర్చు కూడా తక్కువే, మొదటి ఏర్పాటుకు సుమారు 15 లక్షల డాలర్లు. కొత్త పట్టాలు వేయలేదు, భూమి సేకరించలేదు. బోర్డులు, రంగు, కాంక్రీటు దిమ్మెలు, కుండీలతో పని అయిపోయింది.

బండి నడిపేవాళ్లు

మొదటి రోజుల్లో పోలీసులు కూడళ్లలో నిలబడి హెచ్చరించి వదిలేశారు. తర్వాత చలానాలు మొదలయ్యాయి. రుసుములన్నీ కలిపి 110 డాలర్లు, దాంతోపాటు లైసెన్సు మీద రెండు చెడ్డ పాయింట్లు. ఆ దేశంలో డబ్బు కంటే ఆ పాయింట్లకే ఎక్కువ భయపడతారు, ఎందుకంటే అవి పడితే బీమా ప్రీమియం పెరగవచ్చు.

ఎక్కువమంది డ్రైవర్లు చేసిన పని అందరూ భయపడిన దానికంటే సాదాసీదాగా ఉంది. ఆ వీధికి రావడం మానేశారు. పక్కనే సమాంతరంగా ఉన్న అడిలైడ్, రిచ్‌మండ్ లాంటి వీధులకు మళ్లారు, లేదా ప్రయాణమే మార్చుకున్నారు. పక్క వీధులు స్తంభించిపోతాయన్న జోస్యం ఫలించలేదు. నగరపాలక సంస్థ కొలిచిన లెక్కల్లో చాలా వీధుల మీద కారు ప్రయాణ సమయంలో వచ్చిన తేడా సగటున ఒక్క నిమిషం లోపే. నీటిని ఒకవైపు కట్టేస్తే మరోవైపు పొంగినట్టు ట్రాఫిక్ కూడా పొంగుతుందని మనం అనుకుంటాం. కానీ నీటికి ఆలోచన లేదు, కారు నడిపే మనిషికి ఉంది. అతను వేళ మార్చుకుంటాడు, దారి మార్చుకుంటాడు, ఒక్కోసారి కారు ఇంట్లోనే వదిలి ట్రాము ఎక్కుతాడు. 2018 చివరికి ట్రాములో రోజువారీ ప్రయాణికులు 72,000 నుంచి 84,000కు చేరారు. సాయంత్రం రద్దీలో అందరికంటే ఆలస్యంగా నడిచే ట్రాములకు ఒక్కో దిశలో ఐదు నిమిషాల దాకా కలిసొచ్చింది. ఐదు నిమిషాలేనా అనిపించవచ్చు. స్టాపులో చలికి వణుకుతూ నిలబడేవాళ్లకు కావలసింది వేగం కంటే ముందు నమ్మకం, అంటే ట్రాము వస్తుందన్న వేళకు రావడం. పెద్ద లాభం అక్కడే వచ్చింది.

ఇక బుద్ధిగా కుడికి తిరగని వాళ్లు కూడా ఉన్నారు. వాళ్లలో రెండు రకాలు. బోర్డు చూడనివాళ్లు కొందరు. పక్క ఊరి నుంచి వచ్చి, పచ్చ లైటు వెలిగితే తిన్నగా పోవడమే అలవాటైనవాళ్లు. పచ్చ లైటు వెలిగినా తిన్నగా పోకూడదని చెప్పే నియమం మనిషి అలవాటుకు ఎదురు పోతుంది. అది ఈ పద్ధతిలో పుట్టుకతో ఉన్న బలహీనత అని మా అభిప్రాయం. రెండో రకం చూసి కూడా పోయేవాళ్లు. ముందు కారు పోయింది, ఎవరూ పట్టుకోలేదు, నేనెందుకు తిరగాలి అనుకునేవాళ్లు. పోలీసు ఉన్నంతకాలం ఈ రెండో రకం తగ్గుతుంది. లేకపోతే ఏమవుతుందో కాసేపట్లో చెబుతాం.

వ్యాపారులు, వేలు చూపిన మంచుబొమ్మ

ప్రయోగం మొదలైన రెండు నెలలకే గొడవ పెద్దదైంది. 2018 జనవరిలో ఒక హోటలు ముందు, నగరపాలక సంస్థకు మధ్యవేలు చూపిస్తున్నట్టు మంచుతో చెక్కించిన బొమ్మ వెలిసింది. పత్రికలన్నీ ఆ ఫొటో వేశాయి. కారు రాకపోతే కస్టమరు రాడన్నది హోటళ్లవాళ్ల వాదన. అద్దంలోంచి చూస్తే వాళ్లకు కనిపించేది ఖాళీ రోడ్డు. కార్లతో నిండిన రోడ్డు వ్యాపారం ఉన్నట్టు కనిపిస్తుంది, ఆ కార్లలో ఒక్కటీ ఆగకపోయినా సరే. నిండుగా వచ్చిన ట్రాము మాత్రం అర నిమిషంలో వెళ్లిపోతుంది, దాని వెనక రోడ్డు మళ్లీ బోసిగా కనిపిస్తుంది.

కార్డు చెల్లింపుల లెక్కలు తెప్పించి చూస్తే, మొత్తం వీధి మీద ఖర్చు పెద్దగా తగ్గలేదు, కొద్దిగా పెరిగింది కూడా. కానీ హోటళ్ల విభాగంలో కొంత తగ్గుదల కనిపించింది. కాబట్టి వాళ్ల ఫిర్యాదు ఉత్త గాలి మాట కాదు. మొత్తం సగటు బాగుందని చెప్పి ఒక వర్గం బాధను కొట్టిపారేయకూడదు. నగరపాలక సంస్థ దగ్గరలో రెండు గంటల పార్కింగు రాయితీ, తిండి కొనేవాళ్లకు తగ్గింపులు ప్రకటించింది, వీధిలో వినోద కార్యక్రమాలు పెట్టింది.

ఇందులో మాకు తోచిన తప్పు ఒకటుంది, అది ముహూర్తం. నవంబరులో మొదలుపెట్టారు. టొరంటోలో నవంబరు తర్వాత నాలుగు నెలలు బయట కుర్చీలో ఎవరు కూర్చుంటారు? వీధి ఖాళీ చేసినందుకు దొరకాల్సిన ఫలం, అంటే మనుషులు ఆగి కూర్చోవడం, వేసవి దాకా కనిపించలేదు. నష్టం మొదటి రోజే కనిపించింది. అదే మే నెలలో మొదలుపెట్టి ఉంటే ఆ మంచుబొమ్మకు అవకాశమే ఉండేది కాదు, మంచు కరిగిపోయేది కాబట్టి మాత్రమే కాదు. అయినా 2019 ఏప్రిల్‌లో కౌన్సిల్ ఈ ఏర్పాటును శాశ్వతం చేసింది.

కాలినడకన వెళ్లేవాళ్లు

కార్లు తగ్గితే నడిచేవాళ్లకు మేలేనని అందరూ అనుకుంటారు. చాలావరకు నిజమే. వీధిలో చప్పుడు తగ్గింది, సైకిళ్లు బాగా పెరిగాయి, వేసవి వచ్చాక పక్క వరసలో కూర్చునే చోట్లు నిండాయి. కానీ ఒక మెలిక ఉంది. మిగిలిన ప్రతి కారూ కుడికే తిరగాలి. అది తిరిగే చోటే, అదే పచ్చ లైటు మీద, జనం రోడ్డు దాటుతుంటారు. కింగ్ స్ట్రీట్, బే స్ట్రీట్ కలిసే చోట సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ జనం తెగకుండా దాటుతూనే ఉంటారు. వాళ్లకు దారి ఇవ్వడం చట్టం. కారు కాచుకుంటుంది, దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. తిరగడానికి ఓపిక లేని మూడో కారు పట్టాల వరసలోకి జరుగుతుంది. ఆ వెనకే ట్రాము ఆగుతుంది. అంటే ఇక్కడ ట్రామును ఆపింది నేరుగా కారు కాదు, నడిచే జనం కూడా కాదు, ఇద్దరికీ ఒకే క్షణం ఇచ్చిన సిగ్నలు. ఇలాంటి చోట జనానికి కొన్ని క్షణాలు, మలుపు తిరిగే బండ్లకు కొన్ని క్షణాలు విడదీసి ఇవ్వాలి.

కార్లు పలచబడిన వీధిలో ఇంకో అలవాటు కూడా వస్తుంది. రోడ్డు ఖాళీగా కనిపిస్తుంది కాబట్టి ఎక్కడపడితే అక్కడ దాటేస్తారు. ట్రాము పెద్ద చప్పుడు చేయదు, ముప్ఫై మీటర్ల బండి కాబట్టి బ్రేకు వేయగానే నిలబడదు. సైకిలు అసలు వినిపించదు. ఖాళీ రోడ్డు అంటే చూడక్కర్లేని రోడ్డు కాదన్నది అక్కడ పిల్లలకూ ముసలివాళ్లకూ కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది.

కాపలా తీసేస్తే

ఈ కథలో అసలు పాఠం 2023లో బయటపడింది. కోవిడ్ తర్వాత పోలీసు తనిఖీ పలచబడింది. ఒంటారియో లైన్ అనే కొత్త మెట్రో కోసం పక్కనున్న క్వీన్ వీధిని 2023లో తవ్వేశారు. అక్కడి ట్రాములు, కార్లు చుట్టుపక్కల వీధుల మీద పడ్డాయి. డ్రైవర్లు కింగ్ వీధిలో తిన్నగా పోవడం, కూడలి మధ్యలో ఇరుక్కుని నాలుగు దిక్కులనూ ఆపేయడం మామూలైపోయింది. ఆ శరదృతువులో ట్రాము వేగం ప్రయోగానికి ముందున్న రోజులకంటే కూడా దిగజారింది. రద్దీలో నడిచి వెళ్తే ముందు చేరుతున్నామని ప్రయాణికులు మొత్తుకున్నారు. బోర్డులు అలాగే ఉన్నాయి, చట్టం అలాగే ఉంది. మారినదల్లా ఎవరూ చూడటం లేదన్న నమ్మకం.

అప్పుడు నగరం ట్రాఫిక్ ఏజెంట్లను పంపింది. పోలీసులు కారు, కూడళ్లలో చేతి సైగలతో బండ్లను, జనాన్ని నడిపించే సిబ్బంది. వాళ్లు ముఖ్యమైన కూడళ్లలో నిలబడగానే ప్రయాణ సమయం బాగా పడిపోయింది. 2024లో కూడలి మధ్యలో ఆగి అడ్డం పెట్టే కారుకు జరిమానాను 450 డాలర్లకు పెంచారు. తిన్నగా దూసుకుపోయే కార్లను కెమెరాతో పట్టుకోవాలంటే రాష్ట్ర ప్రభుత్వం చట్టం మార్చాలి, నగరం అడుగుతూ వచ్చింది.

కెమెరా ఉంటే ఎలా ఉంటుందో న్యూయార్క్ 14వ వీధి చూపిస్తుంది. అక్కడ 2019 అక్టోబరు 3న ఇలాంటి నియమమే పెట్టారు. కారు వచ్చి మనిషిని దింపవచ్చు, దొరికిన మొదటి కుడి మలుపు తీసుకుని వెళ్లిపోవాలి. ముందు పక్క వీధులవాళ్లు తమ ఇళ్ల ముందు ట్రాఫిక్ పెరుగుతుందని కోర్టుకెక్కి కొన్ని నెలలు ఆపించారు. మొదలైన రోజున బస్సులు ఎంత తేలిగ్గా నడిచాయంటే, టైంటేబులు కంటే ముందు రాకుండా డ్రైవర్లు కావాలని మెల్లగా నడపాల్సి వచ్చింది. అక్కడ బస్సు దారిలోకి వచ్చిన బండ్లను కెమెరాలు పట్టుకుంటాయి. 2020లో దాన్నీ శాశ్వతం చేశారు.

అన్నీ గెలుపులే అనుకోకూడదు. షికాగో నగరం 1979లో తన ప్రధాన వ్యాపార వీధి స్టేట్ స్ట్రీట్‌ను బస్సులకు మాత్రమే వదిలి ఫుట్‌పాత్‌లు విపరీతంగా వెడల్పు చేసింది. వరసగా డీజిలు బస్సులు, వాటి పొగ, వెడల్పాటి ఖాళీ ఫుట్‌పాత్‌లు. కొనేవాళ్లు అప్పటికే వేరే వీధులకు, శివారు మాల్స్‌కు మళ్లుతున్నారు. 1996లో మళ్లీ కార్లను రానిచ్చారు. జనం లేని వీధిని వెడల్పు చేస్తే జనం రారు. జనం కిక్కిరిసిన వీధిలోనే ఈ మందు పనిచేస్తుంది.

మన దగ్గర

మన దేశంలో అచ్చంగా ఈ పద్ధతి పెట్టిన నగర వీధి చెప్పుకోదగ్గంత లేదు. ఉన్నవి ఎక్కువగా కంచె కట్టిన బస్సు దారులు. ఢిల్లీలో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ వరకు 5.8 కిలోమీటర్ల దారి 2008 ఏప్రిల్‌లో మొదలైంది. కార్లవాళ్ల కోపం మొదటి వారం నుంచే పత్రికలకెక్కింది. దాన్ని తీసేయాలన్న పిటిషన్‌ను 2012లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. కారులో వెళ్లేవాళ్లకంటే బస్సులో వెళ్లే ఎక్కువమంది సౌకర్యం చూడాలన్న వాదన అక్కడ నిలబడింది. రాజకీయాల్లో నిలబడలేదు, 2016లో పడగొట్టారు. పుణేలో 2006లో మొదలై పెరిగిన దారుల్లో నగర్ రోడ్డు మీది భాగాన్ని తర్వాత తొలగించారు. బెంగళూరులో 2019 చివర సిల్క్ బోర్డు వైపు ఔటర్ రింగ్ రోడ్డులో ప్లాస్టిక్ కడ్డీలు నాటి బస్సులకు వరస కేటాయించారు. మెట్రో పనులు వచ్చి అది కనుమరుగైంది. విజయవాడ, విశాఖల్లో బీఆర్‌టీఎస్ రోడ్డు అన్నది ఇప్పుడు చిరునామా చెప్పుకోవడానికి బాగా పనికొస్తోంది.

హుబ్బళ్లి–ధార్వాడ మధ్య సుమారు 22 కిలోమీటర్ల దారి మాత్రం నడుస్తోంది. 2018లో బస్సులు మొదలయ్యాయి, 2020 ఫిబ్రవరిలో అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు లాంఛనంగా ప్రారంభించారు. ఆ బస్సులకు చిగరి అని పేరు, కన్నడంలో జింక అని అర్థం. పక్క వరసలు ఇరుకైపోయాయన్న బండ్లవాళ్ల ఫిర్యాదు అక్కడా ఆగలేదు.

చెన్నై త్యాగరాయ నగర్ సంగతి వేరు. ఆ పేటకు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ శెట్టి, అక్కడి పార్కుకు పేరిచ్చిన పానగల్లు రాజా ఇద్దరూ తెలుగు ఇళ్ల బిడ్డలే. పాండీ బజారు ఉన్న త్యాగరాయ రోడ్డులో 2019 నవంబరు 13న ఫుట్‌పాత్‌లు బాగా వెడల్పు చేసి పాదచారుల ప్రాంగణంగా తెరిచారు. బండ్లను నిషేధించలేదు, దారి తగ్గించారు. పండగ కొనుగోళ్లకు పిల్లల చెయ్యి పట్టుకుని వచ్చేవాళ్లకు ఊపిరి ఆడింది. అయితే ఫుట్‌పాత్ వెడల్పైతే బైకు నిలిపే చోటు వెడల్పైనట్టే భావించేవాళ్లు మన దగ్గర ఎప్పుడూ ఉంటారు. అడ్డంగా నాటిన స్తంభాల మధ్య ఖాళీ బైకు పట్టనంత ఉండాలి, చక్రాల కుర్చీ పట్టేంత ఉండాలి. ఈ రెండు కొలతల మధ్య తేడా కొన్ని అంగుళాలే, వీధి బాగుపడటం పాడవడం చాలావరకు ఆ అంగుళాల్లోనే ఉంటుంది.

మీ ఊరి బజారులో ఇలాంటి ప్రతిపాదన వచ్చి, అభిప్రాయం చెప్పమని పిలిస్తే అడగాల్సినవి ఇవి. ఏ వేళల్లో నియమం ఉంటుంది? సరుకు ఆటో ఎన్ని గంటలకు రావచ్చు? నడవలేని పెద్దవాళ్లను ఇంటి గుమ్మం దాకా తేవచ్చా? తోపుడు బండ్లకు చోటెక్కడ? అన్నిటికంటే ముఖ్యంగా, రెండో ఏడాది కూడా కూడలిలో ఎవరు నిలబడతారు, వాళ్ల జీతం ఏ పద్దులో ఉంది?

టొరంటోలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దలకు ఒక మాట. ట్రాము తలుపులు తెరుచుకుంటే దాని వెనక, పక్క వరసలో ఉన్న బండ్లు ఆగి తీరాలన్నది అక్కడి చట్టం. చాలామంది ఆగుతారు. అయినా దిగేముందు మెట్టు మీదే ఒక్క క్షణం ఆగి, మీ కుడి పక్కకు, అంటే ట్రాము వెనక వైపుకు చూడండి. కింగ్ వీధి స్టాపుల్లో చాలాచోట్ల దిగే చోటు పక్క వరసలోనే ఉంటుంది కాబట్టి భయం తక్కువ. వేరే వీధుల్లో దిగితే మీరు దిగేది నడిరోడ్డు మీదే.